ఆ గొంతు ఎవరిది

హెస్టర్ పోస్టరును వంటింటి బల్ల మీద పరిచి, అంచులు చుట్టుకుపోకుండా మూలలకు టీ కప్పులు పెట్టింది. భర్త మార్మలేడ్ జాము సీసా కోసం చెయ్యి చాచేసరికి దాన్ని కూడా లాక్కుని కాగితం మీదే పెట్టింది.

"ఇందులో నేనెక్కడున్నానో చూపించు."

రోలండ్ రొట్టె పళ్ళెంలో వదిలేసి కళ్ళజోడు వెతుక్కున్నాడు. అది అతని నుదుటి మీదే ఉంది. ఆ సంగతి హెస్టర్ చెప్పలేదు.

"ఇదిగో," అన్నాడు చివరికి. "ఇక్కడున్నావుగా."

"క్లైవ్ డ్రమ్ముల వెనక. సగం మొహం. మిగతా సగం ఏమైంది, వానకు కొట్టుకుపోయిందా?"

పోస్టరు పైన బ్యాండు పేరు, టిన్ హెరన్ అని. కింద, పదకొండేళ్ళ తరవాత విడుదలైన కొత్త రికార్డు పేరు, 'ఇసుక దారి'. నడిమధ్యన, అకార్డియన్ పట్టుకుని, జుట్టు గాలికెగురుతూ, వాళ్ళ కూతురు బ్రయొనీ.

ఆ నడిమి చోటు ఏనాటినుంచో హెస్టర్‌ది. బ్యాండు మొదలుపెట్టిన ముగ్గురిలో ఆమె ఒకతె. రోలండ్ ఫిడేలు, క్లైవ్ డ్రమ్ములు, ఆమె గొంతు. తరవాత ఎందరో వచ్చారు, వెళ్ళారు. గొంతు మాత్రం అదే.

అచ్చువేసేవాళ్ళు చేతికందిన ఫొటో వేస్తారనీ, దానికింత రాద్ధాంతం అక్కర్లేదనీ రోలండ్ అన్నాడు.

"ఆ ఫొటో వాళ్ళ చేతికి అందించిందెవరు?"

రోలండ్ టీ తాగాడు. అది ఎప్పుడో చల్లారిపోయింది. అయినా తాగుతూనే ఉన్నాడు.

శనివారం కెండల్ ఊళ్ళో కచేరీ అయినప్పటినుంచీ ఇల్లు ఇలాగే ఉంది. ఆ సాయంత్రం హాలు బయట ఒక ముసలావిడ హెస్టర్ చెయ్యి పట్టుకుని, మీ అమ్మాయి పాటకు ఏడుపొచ్చేసిందమ్మా అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ చెబుతున్నది 'ఇసుక దారి' పాట గురించి. అది పాడింది అమ్మాయి కాదు, నేను, అని హెస్టర్ నవ్వుతూ సరిదిద్దింది. ఆవిడ తెగ నొచ్చుకుంది. తాను అమ్మాయికి దగ్గరగా కూర్చున్నాననీ, అమ్మాయి గొంతే వినిపించిందనీ, బహుశా స్పీకర్లలో ఏదో లోపమై ఉంటుందనీ సర్దుకుని వెళ్ళిపోయింది.

స్పీకర్ల లోపమే అనుకుంది హెస్టర్ కూడా. ఇంటికొచ్చేదాకా.

ఇంటికొచ్చాక, ఇన్నాళ్ళూ కంటి ముందున్నవే కొత్తగా కనిపించడం మొదలెట్టాయి. తను గదిలో అడుగు పెట్టగానే తండ్రీకూతుళ్ళు మాట ఆపేస్తున్నారు. ఫోను మోగితే రోలండ్ ఇంట్లో మాట్లాడడం లేదు, వానలోనే కట్టెల కొట్టంలోకి నడిచి వెళ్తున్నాడు. అన్నిటికన్నా, నిన్న పొద్దున విన్నది. మేడ మీద తలుపు వేసుకుని బ్రయొనీ సాధన చేస్తోంది. ఆమె పాడవలసింది తల్లి పాటకు తోడుగా పలికే పై వరస. పాడుతున్నది మాత్రం అసలు పాటే.

హెస్టర్ మెట్ల మీద నిలబడిపోయింది. ఆ పిల్ల పాట పాడడం కాదు విడ్డూరం. తల్లి ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకుంటోంది. మాట చివర తల్లి ఎక్కడ సాగదీస్తుందో అక్కడే సాగదీస్తోంది. వేరే మనిషి సంతకం ఎవరో కుదురుగా దిద్దుతున్నట్టుంది.

ఇప్పుడు ఆ పిల్లే వంటింట్లోకి వచ్చింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, కానీ పోస్టరు కనబడగానే చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టిన రోజు మొహం పెట్టింది.

"ఫొటోలో బాగా పడ్డావు," అంది హెస్టర్. "జుట్టు కూడా కుదిరింది."

బ్రయొనీ కెటిల్ దగ్గరికి వెళ్ళి, నీళ్ళున్నాయో లేదో చూడకుండానే మీట నొక్కింది.

"నా చోటు కావాలంటే అడగవచ్చుగా. ఇవ్వనేమోనని భయం. ఇవ్వను, అది నిజమే. అయినా అడగవచ్చు."

"నీ చోటు నాకొద్దమ్మా."

"మరి తలుపేసుకుని నా పాట ఎందుకు?"

బ్రయొనీ తండ్రి వైపు చూసింది. రోలండ్ కిటికీ వైపు చూశాడు. కిటికీ అవతల పక్కింటివాళ్ళ గొర్రెలు తప్ప ఏమీ లేవు.

"ఆయన్ని చూస్తావేం? అడిగింది నిన్ను."

"నాన్నే చెప్పాలి," అంది బ్రయొనీ మెల్లగా.

రోలండ్ లేచాడు. వ్యాను వచ్చే వేళైందనీ, ఆ సాయంత్రం కచేరీకి హెక్సమ్‌లో మధ్యాహ్నానికల్లా మైకులు సరిచూసుకోవాలనీ, సామాను ఇంకా మెట్ల కిందే ఉందనీ చెప్పుకుంటూ బయటికి నడిచాడు. మామూలుగా సామాను గురించి పట్టించుకోని మనిషి. ఆ రోజు అన్ని పెట్టెలూ తనే మోశాడు.

వ్యాను నడిపేది నెవిల్. బ్యాండుకు సౌండు చూసేదీ అతనే. హెస్టర్ ఎప్పుడూ వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఇవాళ ముందు, అతని పక్కన ఎక్కింది. ఆల్‌స్టన్ దాటేదాకా వానను గురించీ, రోడ్డును గురించీ మాట్లాడి, తరవాత ఊరికే అడిగినట్టు అడిగింది, కెండల్‌లో స్పీకర్లకేమైందని.

"స్పీకర్లు బాగానే ఉన్నాయండీ," అన్నాడు నెవిల్.

"మరి నా గొంతు వినపడలేదని ఎవరో అన్నారు."

ఎదురుగా గొర్రె ఒకటి రోడ్డెక్కింది. నెవిల్ బ్రేకు వేశాడు. అది దాటిపోయాక, ఈ ఏడాది గొర్రెలకు కంచె కట్టేవాడే లేకుండా పోయాడన్నాడు. ఇక హెక్సమ్ వచ్చేదాకా నోరు విప్పలేదు. నెవిల్‌కు అబద్ధం ఆడడం రాదు. అబద్ధమాడవలసి వస్తే నోరు మూసుకుంటాడని హెస్టర్‌కు తెలుసు.

వెనక సీట్లో రోలండ్ నిద్ర నటిస్తున్నాడు. అతను నిజంగా నిద్రపోతే గురక పెడతాడు.

హెక్సమ్ హాలు ఖాళీగా, చలిగా ఉంది. కుర్చీలు ఇంకా సర్దుతున్నారు. అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని స్టేజీ మీద తమ తమ చోట్లలో నిలబడ్డారు. ఆ ఇయర్‌ఫోన్లలో ఎవరికి కావలసింది వాళ్ళకు వినిపిస్తాడు నెవిల్. హెస్టర్‌కు తన గొంతు, ఫిడేలు, డ్రమ్ములు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే హాల్లో ఏం మోగుతోందో తెలియదు. ఇన్నేళ్ళలో తెలుసుకోవాలని ఆమెకు తోచనూ లేదు.

'ఇసుక దారి' ఎత్తుకున్నారు. సముద్రం వెనక్కు తగ్గినప్పుడు అఖాతం ఇసుక మీద నడిచి వస్తున్న మగడి కోసం ఒడ్డున ఎదురుచూసే ఆడదాని పాట. రోలండే కట్టాడు. మొదటి చరణం అయ్యాక హెస్టర్ జుట్టు సర్దుకుంటున్నట్టు చేతులెత్తి, ఇయర్‌ఫోన్లు రెండూ తీసి మెడ మీద వేసుకుంది. నోరు మైకుకు ఆనించి, మాట మార్చి పాడింది.

"పోటు పొంగేలోగా రమ్మని, నల్ల శాలువా ఊపుతూ నిలుచున్నా."

"ఎర్ర శాలువా ఊపుతూ నిలుచున్నా," అంది హాలు.

చక్కటి గొంతు. ఎక్కడా వణుకు లేదు. ముప్ఫై ఏళ్ళ కిందట తనకుండిన గొంతు. వెనక గోడకు తగిలి తిరిగొచ్చి ఆమె ఛాతీకి కొట్టుకుంది.

హెస్టర్ పాట ఆపలేదు. తరవాతి చరణంలో, మొహం మీద విషాదం అలాగే ఉంచుకుని, వరస తప్పకుండా, బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ క్యారెట్లూ అని పాడింది. హాలు మాత్రం ఇసుక గురించి, చీకటి గురించి, రాని మనిషి గురించి ఎంతో చక్కగా పాడుకుంది.

పక్కకు చూసింది. కాస్త వెనగ్గా, తన మైకు ముందు, కళ్ళు మూసుకుని బ్రయొనీ పాడుతోంది. డ్రమ్ముల వైపు తిరిగింది. క్లైవ్ ఆమె మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్లు చూసి, తల దించుకున్నాడు.

అంటే క్లైవ్‌కూ తెలుసు.

పాట పూర్తయ్యాక నెవిల్ ఎక్కడో దూరం నుంచి, అంతా బాగుందన్నాడు. అవును, చాలా బాగుందని హెస్టర్ జవాబిచ్చింది. ఆ జవాబు హాల్లో వినిపించలేదు.

వేషాలు మార్చుకునే గదిలో రోలండ్ ఫిడేలు కమానుకు రోజనం ముద్ద రాస్తున్నాడు. హెస్టర్ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. గదిలో ముగ్గురే ఉన్నారు. బ్రయొనీ కిటికీ దగ్గర కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఎప్పటినుంచి?"

రోలండ్ కమాను పెట్టెలో పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"చలికాలంలో నీకు ఛాతీ పట్టేసింది చూడు, అప్పటినుంచి. నీ శృతి కిందికి జారుతోంది హెస్టర్. కొంచెమే. కానీ పాట పాటకీ జారుతోంది. నీకు తెలియట్లేదు."

"నువ్వు చెప్పలేదు."

"ఎలా చెప్పను?"

"నోటితో. టీలో పంచదార తక్కువైతే చెబుతావుగా."

రోలండ్ తలకాయ అడ్డంగా ఊపాడు. ఎన్నోసార్లు చెప్పబోయాననీ, ప్రతిసారీ ఆమె మొహం చూసి ఆగిపోయాననీ, ఈ టూరు ఒక్కటీ గడిస్తే కూర్చోబెట్టి చెబుదామనుకున్నాననీ గొణిగాడు. ఆమె మైకు మూసేయమని నెవిల్‌కు తనే చెప్పాననీ, తప్పు తనదే తప్ప పిల్లదేమీ లేదనీ అన్నాడు.

హెస్టర్ వింటూనే ఉంది గానీ, ఆమె బుర్ర ఇంకో చోటికి వెళ్ళింది. పదకొండేళ్ళ తరవాత వచ్చిన రికార్డు. ఈ వయసులో ఈ గొంతా అని పత్రికలు రాశాయి. రేడియోలో మొదటిసారి వచ్చిన పొద్దున, ఆమె స్టవ్వు కట్టేసి, చేతులు తుడుచుకోకుండా నిలబడి విన్నది. తను పాడినప్పటికన్నా బాగుందే అనిపించింది. ఆ మాట అంటే రోలండ్ నవ్వి, ఆ స్టూడియోలో మైకులు కొత్తవి అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మి, ఎడింబరోలో ఉన్న పినతల్లి కూతురికి ఫోను చేసి మరీ వినమంది.

"రికార్డులో?" అంది.

హాల్లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు గోడలోంచి వినబడుతోంది.

"రోలండ్. రికార్డులో ఎవరు?"

"అన్నీ నేనేనమ్మా," అంది బ్రయొనీ.

హెస్టర్ అక్కడున్న కుర్చీలో కూర్చుంది. కుర్చీ మీద ఎవరిదో తడి గొడుగు ఉంది. దాని మీదే కూర్చుంది.

"నువ్వు పాడి ఇంటికెళ్ళాక నన్ను మళ్ళీ పిలిపించారు. నీలాగే పాడమన్నారు. నీలా పాడడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు. మొదట ఒక్క పాటే అన్నారు."

"ఎందుకు ఒప్పుకున్నావు?"

"నాన్న ఏడ్చాడు."

రోలండ్ మొహం తిప్పుకున్నాడు.

రికార్డు బయటికొచ్చాక అమ్మకు చెప్పమని తండ్రి వెంట పడుతూనే ఉన్నాననీ, ఈ మధ్య తలుపుల చాటున గుసగుసలన్నీ అవేననీ బ్రయొనీ చెప్పింది. హెక్సమ్ తరవాత ఇక పాడనని నిన్ననే తెగేసి చెప్పిందట. గొంతు పెంచకుండా, ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పుకుపోయింది.

"ఆ పోస్టరు ఫొటో కూడా నేనే పంపాను. దానికి నాన్నని అనకు. పేపర్లలో అందరూ నా గొంతుని మెచ్చుకుంటున్నారు, నీ పేరు రాసి. కాగితం మీద నా మొహమైనా ఉండాలనిపించింది."

"నాకు చోటు లేకుండా చేయాలని కాదా?"

"నీ చోటులోనే నన్ను దాచేశారమ్మా. అందులోంచి బయటపడాలని ఉంది నాకు."

ఇన్ని రోజులూ తనది ఎవరో దొంగిలిస్తున్నారని వెతుకుతూ తిరిగింది హెస్టర్. దొంగసొత్తు తన దగ్గరే ఉంది. తెలియకుండా తనే దాన్ని ఊరూరా తిప్పి చప్పట్లు కొట్టించుకుంది.

అప్పుడు రోలండ్ వచ్చి ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ మోకాళ్ళు బాగాలేవు. కూర్చోవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

"నువ్వు పాట మానేస్తే ఏమైపోతావోనని భయపడ్డాను," అన్నాడు.

హెస్టర్ అతని మొహంలోకి చూసింది. భయపడింది తన కోసమా, టిన్ హెరన్ కోసమా? ఆ మొహంలో ప్రతి ముడతా ఆమెకు తెలుసు. అయినా ఆ ఒక్కటీ తేల్చుకోలేకపోయింది. ఒకప్పుడైతే అసలు ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

లేచి, అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది.

నెవిల్ హాలు వెనక తన మీటల ముందు కూర్చుని చిప్స్ తింటున్నాడు. ఆమెను చూడగానే పొట్లం పక్కన పెట్టాడు.

"ఈ పూట నా మైకు తెరిచి ఉంచు. మొదటి పాట నుంచీ."

"రోలండ్ గారు..."

"రోలండ్ గారు ఫిడేలు వాయిస్తారు."

నెవిల్ సరేనన్నాడు. ఆమె వైపు కాకుండా మీటల వైపు చూస్తూ అన్నాడు.

ఏడున్నరకు హాలు నిండిపోయింది. మొదటిది పాత పాట, అక్కడున్న వాళ్ళలో సగం మందికి నోటికొచ్చిన పాట. హెస్టర్ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండానే మైకు ముందుకొచ్చింది. పాడింది. ఆ గొంతు హాల్లోకి వెళ్ళి, హాలు చుట్టి, ఆమె దగ్గరికే తిరిగి వచ్చింది.

రోలండ్ అబద్ధం చెప్పలేదు. ఫిడేలు ఒక గీత మీద నడుస్తోంది, గొంతు దాని కిందగా, కాలు ఈడ్చుకుంటున్నట్టు నడుస్తోంది. ఎత్తడానికి ప్రయత్నించింది. ఎత్తినకొద్దీ వణికింది. ముందు వరసలో ఒకతను పక్కనున్న భార్యను చూశాడు, ఆవిడ అతని చెయ్యి నొక్కింది.

హెస్టర్ ఆ పాటను చివరిదాకా మోసింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. జీవితమంతా చప్పట్లు విన్న మనిషి ఆమె. జాలితో కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

తరవాతి పాట 'ఇసుక దారి'. ఆ పేరు వినగానే హాల్లో ఒక్కసారి సంతోషం కదిలింది. ఆ పాట కోసమే వచ్చినవాళ్ళున్నారు. హెస్టర్ మైకు స్టాండు పట్టుకుంది.

"మా కొత్త రికార్డు మీకు నచ్చిందని విన్నాను," అంది. "అందులో పాటలు పాడిన గొంతు గురించి మీతో ఒక మాట..."

రోలండ్ ఫిడేలు అందుకున్నాడు.

ముందు వాయించే నాలుగు వరసలూ మామూలుకన్నా రెట్టింపు జోరుతో వాయించాడు. ఆమె మాట ఆ జోరులో కొట్టుకుపోయింది. క్లైవ్‌కేం చేయాలో తోచలేదు, కర్రలు గాల్లోనే ఉంచుకున్నాడు. హెస్టర్ మళ్ళీ మొదలుపెట్టింది. రోలండ్ ఇంకా గట్టిగా వాయించాడు. అతని కళ్ళు ఆమెను బతిమాలుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగడం లేదు. ఇదంతా పాటలో భాగమేననుకుని జనం తాళం వేయసాగారు.

అప్పుడు బ్రయొనీ అకార్డియన్ పట్టీలు భుజాల మీంచి దించి, దాన్ని నేల మీద పెట్టింది. స్టేజీకి అడ్డంగా నడిచి వెళ్ళి, తండ్రి కమాను పట్టుకుంది.

ఫిడేలు తెగినట్టు ఆగింది. తాళం వేసే చేతులు ఒక్కొక్కటే ఆగాయి.

బ్రయొనీ తల్లి దగ్గరికొచ్చింది. ఎంత దగ్గరగా అంటే, ఆమె మాట మైకుకు కూడా అందలేదు.

"నువ్వు చెప్పకమ్మా. నేను చెబుతాను."

ఏం చెబుతుంది? నిజం చెప్పి తన పేరు తను తీసుకుంటుందా? అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి తండ్రిని కాపాడుతుందా? ఇప్పుడే విన్న గొంతును అందరూ మరచిపోయేలా ఇంకేదైనా అంటుందా? హెస్టర్ ఆ మొహమంతా వెతికింది. తనలాగే పాడడం నేర్చుకున్న పిల్ల. తనలాగే, ఏదీ బయటపడనివ్వని మొహం పెట్టడం కూడా నేర్చుకుంది.

వెనక నుంచి రోలండ్ కూతురి పేరు పిలిచాడు, చాలా మెల్లగా.

హెస్టర్ స్టాండు మీంచి చెయ్యి తీసి, ఒక అడుగు పక్కకు జరిగింది. ఇన్నేళ్ళలో ఆ చోటు వదలడం అదే మొదలు. పక్కన ఎక్కడ నిలబడాలో తెలియక, వెలుతురు ఆగిపోయిన చోట ఆగింది.

బ్రయొనీ మైకును తన ఎత్తుకు సరిచేసుకుంది. హాలంతా ఒకసారి చూసింది.

"మా అమ్మ గురించి మీకొక మాట చెప్పాలి," అంది.